ఎడమ పక్కన, రెండడుగుల వెనక

చనిపోయినవాళ్లు ఫోటోల్లోకి ఎలా వస్తారో నాకు బాగా తెలుసు. తిరువూరులో పదిహేనేళ్లు ఫోటో స్టూడియో నడిపాను. పెళ్లినాటికి తండ్రి లేని అమ్మాయిలు ఆయన పాత పాస్‌పోర్టు ఫోటో తెచ్చి ఇచ్చేవాళ్లు. ఆయనకి పట్టుపంచె కట్టి, పెళ్లికూతురి పక్కన నిలబెట్టి, నీడ కూడా సరిగ్గా పడేట్టు చేసి ఇచ్చేవాణ్ని. అందుకే ఎవరైనా ఫోన్‌లో దెయ్యం ఫోటో చూపిస్తే నాకు నవ్వొచ్చేది. ఎక్కడ అతికించారో వేలు పెట్టి చెప్పేవాణ్ని.

ఇప్పటికీ దెయ్యాలున్నాయని నేను అనను. నా కళ్లతో చూసింది మాత్రం రాస్తున్నాను.

అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక స్టూడియో మూతపడింది. తర్వాత ఒక ఏజెన్సీ తరఫున, కాంట్రాక్టు మీద, కెమెరాల కంట్రోల్ రూములో ఆపరేటరుగా చేరాను. బస్టాండులో, మెయిన్ రోడ్డు మీద, సెంటర్లలో పెట్టిన కెమెరాలన్నీ ఆ గదిలోని స్క్రీన్ల మీద కనపడతాయి. ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా నా డ్యూటీ. ఆ తర్వాత లక్ష్మి అనే అమ్మాయి వస్తుంది.

ఈ కెమెరాలు పాతవాటిలా ఊరికే రికార్డు చేసి ఊరుకోవు. కంప్యూటరే చూస్తూ ఉంటుంది. మనిషి కనపడితే చాలు, చుట్టూ ఆకుపచ్చ గీతలతో బాక్సు గీస్తుంది. తప్పిపోయినవాళ్ల ఫోటో గానీ వీడియో గానీ ఇచ్చి పేరు ఎక్కిస్తే వాళ్లకోసం వెతుకుతుంది. ముఖం కనపడకపోతే ఒడ్డూ పొడుగూ, నడిచే తీరూ పట్టి పోలుస్తుంది. దొరికారనుకుంటే బాక్సు ఎర్రగా మారుతుంది. పైన పేరు, పక్కన నూటికి ఎంత పోలికో అంకె పడి, బీప్ అని మోగుతుంది.

తప్పులు కూడా చేస్తుంది. ఫ్లెక్సీల మీది ముఖాలను మనుషులనుకుంటుంది. ఒకసారి బట్టల షాపు ముందు నిలబెట్టిన బొమ్మని పట్టుకుని తప్పిపోయిన ముసలాయన పేరు రాసింది. అలాంటప్పుడు పోలిక యాభై, అరవై దగ్గర ఆగుతుంది. మేం చూసి తీసేస్తాం.

పత్తి తీతల రోజుల్లో ఒక ఉదయం, కానిస్టేబుల్ గారి వెంట ఒకావిడ మా గదికి వచ్చింది. పేరు సలోమి. యాభై ఏళ్లుంటాయి. గంపలగూడెం దగ్గర పల్లెటూరు. తిరువూరులో ఒక స్కూల్లో ఆయాగా పనిచేస్తోంది. ముందురోజు ఉదయం బస్టాండులో ఆమె తమ్ముడు తప్పిపోయాడు.

తమ్ముడి పేరు దాసు. వయసు ముప్పై ఎనిమిదైనా ఐదేళ్ల పిల్లాడి బుద్ధే. మాటలు సరిగ్గా రావు. తల్లి పోయాక ఇరవై ఏళ్లుగా ఈవిడే సాకుతోంది. పెళ్లి చేసుకోలేదు. రోజూ తనతో తీసుకొచ్చి స్కూలు గేటు దగ్గర కూర్చోబెట్టుకునేది. చిన్నపిల్లలు భయపడుతున్నారని, ఇక తీసుకురావద్దని ఆ మధ్యే చెప్పారట. ఇంట్లో ఒక్కణ్ని వదిలి రాలేని, పని మానేసి బతకలేని పరిస్థితి.

"బెంచీ మీద కూర్చోబెట్టి బాత్రూముకి వెళ్లొచ్చానండీ. వచ్చేసరికి లేడు," అంది.

నేను ముందురోజు రికార్డింగు తీశాను. కానిస్టేబుల్ గారికి ఫోను వస్తే బయటికి వెళ్లారు, సలోమి కూడా ఆయన వెంటే వెళ్లింది. వాళ్లు వరండాలో ఉండగా నేనొక్కణ్నే చూశాను.

ఉదయం ఎనిమిదీ నలభై. ఆమె తమ్ముణ్ని బెంచీ మీద కూర్చోబెట్టింది. బిస్కెట్ ప్యాకెట్ విప్పి చేతికిచ్చింది. అతని మెడలో స్కూల్లో ఎవరో పారేసిన నీలం రంగు ఐడీ కార్డు ట్యాగు ఉంది. దాన్ని సరిచేసింది. తర్వాత పార్సెల్ గది గోడ చాటుకి వెళ్లి నిలబడింది. బాత్రూములు అటు లేవు. పది నిమిషాలు అక్కడే ఉంది. అతను ఒక్కో బిస్కెట్టూ తింటూ ఆమె వెళ్లిన వైపే చూస్తున్నాడు. నూజివీడు బస్సు వచ్చింది. ఆమె కొంగు తలమీద కప్పుకుని ఎక్కింది. బస్సు వెళ్లిపోయింది.

అరగంటకి అతను లేచాడు. గోడ చాటుకి వెళ్లి చూశాడు. మళ్లీ వచ్చి కూర్చున్నాడు. మళ్లీ వెళ్లి చూశాడు. ఇలా ఐదుసార్లు. ఆఖరికి గేటు దాటి రోడ్డెక్కాడు. చివరి కెమెరా దాటాక ఇక లేడు. పదకొండు దాటాక ఆమె బస్సు దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది. బెంచీ ఖాళీగా ఉంది. అక్కడే నేలమీద కూలబడింది.

కానిస్టేబుల్ గారు లోపలికి వచ్చి, "ఎటు వెళ్లాడండీ?" అని అడిగారు. అతను గేటు దాటి వెళ్లిన ముక్క చూపించాను. ఆయన అడిగింది అదే, నేను చూపించింది అంతే. సలోమి నా మొహంలోకి చూసింది. నేను స్క్రీన్ వైపు తిరిగాను. ముప్పై రోజులకి ఆ రికార్డింగు దానంతటదే చెరిగిపోయింది.

దాసు ఫోటో, బస్టాండు వీడియో కంప్యూటర్‌కిచ్చి పేరు ఎక్కించాను. తొమ్మిది రోజులు ఏమీ లేదు. సలోమి మాత్రం రోజూ మధ్యాహ్నం స్కూల్లో పిల్లల అన్నాలయ్యాక వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, "ఏమైనా తెలిసిందా సార్?" అని అడిగి వెళ్లేది.

పదోరోజు ఉదయం ఎనిమిదీ నలభైకి బీప్ మోగింది. బస్టాండులోని నాలుగో కెమెరా. ఎర్ర బాక్సు, పైన దాసు పేరు, పక్కన తొంభై ఒకటి. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

బాక్సులో ఎవరూ లేరు. ఖాళీ నేల.

ఆ ఖాళీకి కాస్త ముందు, కుడి పక్కన, సలోమి నడుస్తోంది. గంపలగూడెం ఆటో దిగి, రోజూ లాగే బస్టాండులోంచి అడ్డంగా స్కూలుకి వెళ్తోంది. ఆమె చుట్టూ మామూలు ఆకుపచ్చ బాక్సు. ఆమె ఎడమ పక్కన, రెండడుగుల వెనక, ఎర్రది. ఆమె నడిస్తే అదీ నడుస్తోంది. బస్సు అడ్డమొచ్చి ఆమె ఆగితే అదీ ఆగుతోంది. కెమెరా మారినా ఆమెతోపాటే మారింది.

తప్పు పోలిక అనుకుని తీసేశాను. మర్నాడు అదే సమయానికి మళ్లీ మోగింది. మూడోరోజూ మోగింది. సాయంత్రం ఆమె తిరిగి వెళ్లేటప్పుడు కూడా వస్తోందని లక్ష్మి చెప్పింది. ఆ పిల్ల బెదిరిపోయి నన్ను ఉండమంది. ఇద్దరం కలిసి చూశాం.

నా పాత వృత్తి అలవాటు కొద్దీ వెతకవలసినవన్నీ వెతికాను. లెన్సు మీద మరక లేదు. నీడ కాదు, ఎందుకంటే ఉదయం నీడ ఒకవైపు, సాయంత్రం ఇంకోవైపు పడుతుంది. ఈ బాక్సు ఎప్పుడూ ఎడమ పక్కనే. ఆమె చీర మార్చినా వచ్చింది. తోటి ఆయా ఆమెకి ఎడమవైపు నడిచినరోజు, ఇద్దరికీ వెనక వచ్చింది. మధ్యలో కరెంటు స్తంభం అడ్డమైతే, దాని వెనకాల నిజంగా మనిషి ఉన్నట్టే బాక్సు ఒక పక్కన చిక్కిపోయి, స్తంభం దాటాక మళ్లీ నిండుగా అయ్యేది.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది బెంచీ. ఆమె రోజూ దాని ముందునుంచే వెళ్లేది, తల అటు తిప్పేది కాదు. బాక్సు మాత్రం అక్కడ ఆగేది. మూడు నాలుగు సెకన్లు. ఆమె దూరమైపోయేది. అప్పుడు బాక్సు గబగబా కదిలి మళ్లీ ఆమెని కలుసుకునేది. ఆ బెంచీ దగ్గర ఏం జరిగిందో అప్పటికి ఊళ్లో తెలిసింది ఆమెకీ నాకూ మాత్రమే.

విజయవాడ నుంచి ఇంజనీరు వచ్చాడు. కుర్రవాడు, తెలివైనవాడు. పది నిమిషాల్లో చెప్పేశాడు.

"మీరిచ్చిన బస్టాండు వీడియోలో ఆవిడ కూడా ఉంది కదండీ. ఇద్దర్నీ కలిపి నేర్చుకుంది. ఆవిడ కనపడితే ఇతనూ ఉన్నాడనుకుంటోంది. అంతే."

నా గుండె మీంచి బండ దింపినట్టయింది. అతనే ఆ వీడియో తీసేసి, దాసు ఒక్కడి ముఖం ఉన్న ఫోటో మాత్రం ఉంచి, మళ్లీ మొదటినుంచి పేరు ఎక్కించి వెళ్లాడు. మర్నాడు ఉదయం ఎనిమిదీ ముప్పై ఎనిమిదికి మోగింది. తొంభై మూడు. అతనికి ఫోన్ చేసి చెప్పాను.  తర్వాత వచ్చే అప్‌డేట్‌లో సరిపోతుందిలెండి అన్నాడు.

ఇవన్నీ సలోమికి చెప్పకూడదని లక్ష్మీ నేనూ అనుకున్నాం. కానీ ఆమెకి చదవడం వచ్చు. ఒక మధ్యాహ్నం ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి ఉదయం అలర్టు స్క్రీన్ మీదే ఉండిపోయింది.

"సార్, అక్కడ దాసు అని రాసుంది. మా వాడేనా?"

"కాదండీ. మెషిను పొరపాటు."

"ఒక్కసారి చూపించండి సార్."

చూపించకపోతే ఎక్కడో దొరికాడనుకుని ఆశ పెట్టుకుంటుందని చూపించాను. ఇరవై సెకన్ల ముక్క. ఆమె తనని తాను చూసుకుంది. తర్వాత పక్కనున్న ఖాళీని చూసింది. మళ్లీ వెయ్యమంది. మూడుసార్లు వేశాను.

"ఎవరూ లేరు కదండీ అక్కడ. దానికి అర్థంకాక గీస్తోంది," అన్నాను.

"వాడు అంతే నడుస్తాడు సార్. ఎడం పక్కన, కాస్త వెనకాల. కొంగు పట్టుకుంటాడు. లాగొద్దురా అంటే వదిలేస్తాడు, మళ్లీ పట్టుకుంటాడు." ఆమె గొంతులో ఏడుపు లేదు. "కెమెరాకి తెలిసిందే, నాకు తెలియలేదే."

ఆ రోజు నుంచి రోజూ వచ్చి అడిగేది. "ఇవాళ వచ్చాడా సార్?" వచ్చాడని తల ఊపేవాణ్ని. ఒక్కసారి చూసి వెళ్లిపోయేది. స్క్రీన్ మీద ఆమె నడక మారిపోవడం చూశాను. మెల్లగా నడవడం మొదలుపెట్టింది. రోడ్డు దాటేటప్పుడు ఎడమచేతిని కాస్త వెనక్కి చాపి ఉంచేది. దారిన పోయేవాళ్లు వింతగా చూసేవాళ్లు. నేను ఆపాల్సింది. ఆపలేదు. అప్పటికి ఆమెకి మిగిలింది అదొక్కటే అనిపించింది.

నలభై రోజులు దాటాక కబురొచ్చింది. చాలా దూరంలో, కాలువలో కొట్టుకొచ్చిన శవం. గుర్తు తెలియని మనిషని రాసుకుని, నియమం ప్రకారం మూడు రోజులు ఉంచి, అక్కడే పూడ్చిపెట్టారు. ఫోటోలు, ఒంటిమీది వస్తువులు దాచారు. కానిస్టేబుల్ గారు ఆమెని తీసుకెళ్లారు. ముఖం గుర్తుపట్టేట్టు లేదట. నీలం రంగు ట్యాగు గుర్తుపట్టింది.

శవం దొరికింది దాసు తప్పిపోయిన మూడోరోజు. అప్పటికే రెండు రోజులు నీళ్లలో ఉన్నట్టు డాక్టరు రాశారు. అంటే ఆమె బస్సు దిగి పరుగెత్తుకొచ్చిన రోజే అతను పోయాడు. నా స్క్రీన్ మీద మొదటిసారి బీప్ మోగేనాటికి అతను మట్టిలో ఉన్నాడు.

ఇక ఆగిపోతుందని నేను, లక్ష్మి అనుకున్నాం. ఆమె ఆ సమాధి దగ్గర ప్రార్థన చేయించింది కదా అనుకున్నాం. సోమవారం ఉదయం ఆమె తెల్లచీరలో ఆటో దిగింది. బీప్ మోగింది. తొంభై నాలుగు. ఎర్ర బాక్సు బెంచీ దగ్గర ఆగింది. మళ్లీ వెళ్లి ఆమెని కలుసుకుంది.

కేసు మూసేశారు కాబట్టి ఆ పేరు లిస్టులోంచి తీసెయ్యమని మా ఇన్‌చార్జి చెప్పాడు. అది మామూలు పద్ధతే. ఆయన తప్పేం లేదు. మధ్యాహ్నం సలోమి వచ్చినప్పుడు చెప్పాను.

"తీసేస్తే ఏమవుతుంది సార్?"

"ఇంక కనపడదండీ. వెతకడం మానేస్తుంది."

"ఉంచకూడదా? మీకేం అడ్డం?"

"నా చేతిలో లేదక్కా."

మొదటిసారి ఆమెని అక్కా అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆమె "నా ముందు తీయొద్దు," అని వెళ్లిపోయింది.

ఆమె మెట్లు దిగాక తీశాను. నిజంగా తీసెయ్యాలా అని కంప్యూటర్ అడిగింది. అవునని నొక్కాను. మర్నాడు ఎనిమిదీ నలభైకి సలోమి బస్టాండులోంచి నడిచింది. ఒక్క ఆకుపచ్చ బాక్సు. అలారం లేదు. ఆమె చెయ్యి మాత్రం అలాగే వెనక్కి చాపి ఉంది.

వారం రోజులు రాలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం నా డ్యూటీ అయ్యి కిందికి దిగుతుంటే మెట్ల దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. నేనూ ఒక మెట్టు మీద కూర్చున్నాను.

"ఆ రోజు నేను బాత్రూముకి వెళ్లలేదు సార్," అంది. "బస్సెక్కాను. ఎవరో ఒకరు చూస్తారు, ఏదైనా ఆశ్రమంలో పెడతారు, నాకంటే బాగా చూసుకుంటారు అనుకున్నాను. విస్సన్నపేట దాకా వెళ్లాను. అక్కడ దిగి తిరిగి వచ్చే బస్సుకోసం నిలబడ్డాను. ఎంతకీ రాలేదు."

"నాకు తెలుసక్కా. ఆ రోజే చూశాను."

ఆమె నావైపు తిరిగింది. కోప్పడుతుందనుకున్నాను.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్పి ఏం చెయ్యను? మిమ్మల్ని ఇంకా బాధపెట్టడం తప్ప..."

"చెప్పాల్సింది సార్. ఎవరైనా ఒక్కరు నన్ను అడిగుంటే బాగుండేది. ఊళ్లో అందరూ పాపం, తమ్ముణ్ని కన్నబిడ్డలా చూసుకుంది అంటున్నారు. చర్చిలో అదే మాట చెప్పి నాకోసం ప్రార్థన చేశారు. నేను తల వంచుకుని విన్నాను."

ఆమె మీద జాలిపడి ఊరుకున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ మెట్ల మీద కూర్చుని ఆలోచిస్తే, నాకెందుకొచ్చిన గొడవ అని ఊరుకున్నానేమో అనిపించింది. ఏది నిజమో నాకే తెలియలేదు.

ఆమె లేచి చీర దులుపుకుంది. రెండు మెట్లు దిగి ఆగింది.

"ఒక్కటి చెప్పండి సార్. అన్ని రోజులు చూశారు కదా. వాడు నా కూడా వస్తున్నాడా? లేకపోతే ఇంకా నన్ను వెతుక్కుంటున్నాడా? నేను ముందే ఉన్నానని వాడికి తెలుసా?"

నేను చూసింది ఒక ఎర్ర గీతల బాక్సు. దానికి ముఖం లేదు. అది ఆమెని చూస్తోందో లేదో ఎలా చెప్పను? తెలియదక్కా అన్నాను. ఆమె తల ఊపి వెళ్లిపోయింది.

ఇది జరిగి ఏడాది దాటింది. ఇంజనీరు చెప్పిన అప్‌డేట్ వచ్చింది. ఈ మధ్య మెషిను బొమ్మల్ని మనుషులనుకోవడం బాగా తగ్గింది. తెలిసిన ఇద్దరు ముగ్గురు కంప్యూటర్ వాళ్లకి ఈ సంగతి చెప్పాను. ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు. ఆ కారణాలన్నీ బెంచీ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతాయి. ఆనాటి అలర్టులు కూడా చెరిగిపోయాయి. లక్ష్మి పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది, దీని గురించి మాట్లాడమంటే మాట మారుస్తుంది.

సలోమి ఇంకా ఆ స్కూల్లోనే పనిచేస్తోంది. మా గదికి మళ్లీ రాలేదు. రోజూ ఉదయం బస్టాండులోంచి నడిచి వెళ్లడం నాకు కనపడుతుంది. బాగా నెరిసిపోయింది.

దాసు ఫోటో నా దగ్గర ఉంది. పేరు మళ్లీ ఎక్కించడానికి రెండు నిమిషాలు పట్టదు, ఎవరికీ తెలియదు కూడా. ఎన్నోసార్లు ఫోటో తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. ఎక్కిస్తే, ఆమె ముందు వెళ్లిపోయాక ఆ బాక్సు ఒక్కటే బెంచీ దగ్గర ఉండిపోయి కనపడుతుందేమోనని భయం. అసలేమీ కనపడకపోతే, ఆమెకి అన్ని రోజులు చూపించింది ఏమిటో నేను చెప్పలేను. ఎనిమిదీ నలభై అవుతుంది, ఆమె దాటిపోతుంది, నేను ఆ ఫోటో మూసేస్తాను.